క్రాబీలో ఒక పూట పడవ: దీవుల మధ్య ఈతకి, స్నార్కెలింగ్‌కి సమగ్ర మార్గదర్శి

థాయ్‌లాండ్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఒక్క రోజులో ఐదారు దీవులు చుట్టేసే స్పీడ్‌బోట్ టూర్ ఎక్కుతారు. మేమూ మొదటిసారి అదే చేశాం. ముప్ఫై మంది జనం, ప్రతి దీవిలో నలభై నిమిషాలు, గైడ్ విజిల్ వేస్తే పరుగెత్తుకుంటూ మళ్ళీ బోటు. సాయంత్రానికి ఫోన్‌లో మూడు వందల ఫోటోలున్నాయి గానీ, నీళ్ళలో నిలబడిన జ్ఞాపకం ఒక్కటీ లేదు. అమ్మ అయితే ఆ రోజంతా బోటు దిగనే లేదు.

రెండోసారి దక్షిణ థాయ్‌లాండ్‌లోని క్రాబీలో ఉన్నప్పుడు ఒక పూటకి చిన్న పడవ మొత్తం మేమే మాట్లాడుకున్నాం. అమ్మ, మా ఆయన, ఆరేళ్ళ మా బాబు, నేను. ఆ పూట అరవై ఒక్కేళ్ళ అమ్మ సముద్రంలో బోర్లా తేలుతూ చేపల్ని చూసింది. అది ఎలా కుదిరిందో, మీకూ కుదరాలంటే ఏం చేయాలో వరసగా చెబుతాను. ముందే ఒక మాట. సొంతంగా పడవ మాట్లాడుకుంటే చేతికొచ్చేది సమయం. దాన్ని మళ్ళీ నాలుగు దీవులకి పంచేస్తే ఆ డబ్బు వృథా. రెండు చోట్లు, మహా అయితే మూడు, అంతకుమించి పెట్టుకోకండి.

ఎక్కడికి, ఎప్పుడు

క్రాబీ ప్రాంతంలో బస చేయడానికి అనువైన ఊరు ఆవ్ నాంగ్. ఆ ఊరి బీచ్ నుంచే పడవలు బయల్దేరతాయి. ఎదురుగా కనిపించే దీవుల్లో మనకి కావలసినవి మూడు: పోడా, చికెన్ ఐలాండ్, టప్. పోడాకి పడవలో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. అక్కడి నుంచి మిగతా రెండూ దగ్గరే. చికెన్ ఐలాండ్ కొసన ఉన్న రాయి మెడ చాచిన కోడిలా ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. దాని పక్కన స్నార్కెలింగ్ (కళ్ళకి మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ నీళ్ళ కింద చూడటం) బాగుంటుంది. పోడాలో తెల్లటి ఇసుక, ఈతకి అనువైన లోతు, నీడకి చెట్లు, టాయిలెట్లు ఉన్నాయి. ఒడ్డున సరుగుడు చెట్లు చూసి అమ్మ, "ఇవి మన ఉప్పాడ దగ్గర ఉండేవే కదే" అంది. టప్ దగ్గర ఇసుక దారి వింత ఉంది. దాని గురించి కింద విడిగా చెబుతాను.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు, అంటే మన వానాకాలమే అక్కడా. ఆ నెలల్లో కొన్ని రోజులు ఎండ కాసినా అలలు పెద్దవిగా ఉంటాయి, నీళ్ళు మసకబారతాయి. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్ళాలంటే ఏప్రిల్‌లో వెళ్ళిపోండి, జూన్ దాకా ఆగొద్దు. వానాకాలంలోనే వెళ్ళాల్సి వస్తే పడవ కోసం ఒక్క రోజు కాకుండా మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. వాటిలో ఒకటైనా కలిసొస్తుంది. గాలి ఎక్కువగా ఉంది, వెళ్ళడం కుదరదని పడవవాళ్ళు అంటే బతిమాలొద్దు.

తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం చూడండి

ముహూర్తం కోసం కాదు, ఆటుపోట్ల కోసం. ట్రిప్ బాగుందా లేదా అన్నది తేల్చేది ఇదే. కానీ చాలామంది దీని జోలికే పోరు.

టప్, చికెన్, వాటి పక్కనే ఉన్న చిన్న దీవి మోర్, ఈ మూడింటినీ కలుపుతూ నీటి కింద ఒక ఇసుక తిన్నె ఉంది. ఆటు వచ్చి నీళ్ళు తగ్గగానే అది పైకి తేలుతుంది. రెండు వైపులా సముద్రం, నడుమ తెల్లటి దారి, దాని మీద ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడిచి వెళ్ళొచ్చు. అక్కడివాళ్ళు దాన్ని తలే వేక్ అంటారు, చీలిన సముద్రం అని అర్థం. పోటు సమయంలో వెళితే అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనబడదు. మొదటిసారి మాకు జరిగింది అదే. ఎక్కడుంది ఆ దారి అని బాబు అడుగుతుంటే, దాని మీదే ఉన్నాం నాన్నా అని చెప్పాల్సి వచ్చింది.

లెక్క తేలికే. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి పోతాయి. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. కాబట్టి ఇసుక దారి చూడాలని ఉంటే పౌర్ణమికో అమావాస్యకో అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో వెళ్ళాలి. ఆ తిథుల్లో క్రాబీలో పగటి ఆటు చాలావరకు మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు వస్తుంది, అందుకని మధ్యాహ్నం పడవ మేలు. అష్టమి దగ్గరి రోజులైతే దారి మాట మర్చిపోండి. పొద్దున్నే వెళ్ళి స్నార్కెలింగ్ చేయండి. ఆ రోజుల్లో నీటి ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. ఈత రానివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి నన్నడిగితే ఇవే మంచి రోజులు.

తిథి చూసి రోజు ఎంచుకోవచ్చు గానీ గంట మాత్రం పట్టికలోనే చూడాలి. ఫోన్‌లో ఆటుపోట్ల సమయాలు చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి, అందులో క్రాబీ అని పెట్టండి. ఆటు రోజూ ముందు రోజుకంటే దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్నటి పట్టిక ఇవాళ పనికిరాదు.

రెండోసారి మేం వెళ్ళింది పౌర్ణమికి రెండు రోజుల ముందు, ఆటు మధ్యాహ్నం మూడింటికి. ఒంటిగంటకి బయల్దేరి ముందు పోడాలో దిగాం. ఎండ మండిపోయే ఆ గంటా చెట్ల నీడలోనూ నీళ్ళలోనూ గడిచింది. రెండున్నరకి ఇసుక దారి దగ్గరికి చేరాం. అప్పటికి దారి సగమే పైకి వచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మిగతా సగం మా కళ్ళముందే పైకి రావడం చూశాం. అటు కొసన ఒక చిన్న తెల్ల మరక కనబడింది, తర్వాత చాటంత అయింది, పది నిమిషాల్లో అది వచ్చి మా కాళ్ళ దగ్గర కలిసింది. బాబు దాని మీద పరుగే పరుగు. అందుకే ఆటు సరిగ్గా ఎన్నింటికో చూసుకుని అరగంట ముందు వెళ్ళండి. మూడున్నరకి చికెన్ ఐలాండ్ పక్కకి వెళ్ళి స్నార్కెలింగ్ చేసి, ఐదింటికి ఒడ్డుకి వచ్చేశాం.

పడవ మాట్లాడుకోవడం

ఇక్కడ రెండు రకాల పడవలుంటాయి. ఒకటి స్పీడ్‌బోట్. రెండోది లాంగ్‌టెయిల్: పొడవాటి చెక్క పడవ, వెనక పెద్ద డీజిల్ ఇంజన్, దాని నుంచి తోకలా నీళ్ళలోకి దిగే ఇనుప కడ్డీ, కొసన రెక్కలు. పూట ట్రిప్‌కి లాంగ్‌టెయిలే సరైనది. వేగం తక్కువ, చప్పుడు ఎక్కువ, కానీ చవక, పైగా పక్కన చెయ్యి చాస్తే నీళ్ళు అందుతాయి. ముందువైపు కూర్చుంటే చప్పుడు కొంచెం తగ్గుతుంది.

బీచ్ దగ్గరే పడవవాళ్ళ టికెట్ కౌంటర్లు ఉన్నాయి, రేట్ల బోర్డు పెట్టి ఉంటుంది. పడవ మొత్తానికి, ఒక పూటకి, మేం ఇచ్చింది 2,200 బాత్ (థాయ్ కరెన్సీ). సీజన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందు అడగాల్సినవి: ఎన్ని గంటలు, ఏయే దీవులు, ఆగే సమయం మన ఇష్టమేనా, మాస్కులు ఇస్తారా, తాగే నీళ్ళు ఉంటాయా. అన్నిటికంటే ముందు, పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని అడిగి, కళ్ళతో చూసి, పిల్లలకి తొడిగి చూడండి. మొదటి ట్రిప్‌లో మాకు ఉందని చెప్పారు, తీరా చూస్తే పెద్దవాళ్ళదే ఇచ్చారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే బాబు చెవుల దాకా వచ్చేసింది. అలాంటి జాకెట్‌తో నీళ్ళలో పడితే మనిషి కిందికి జారిపోతాడు. అలా లాగినప్పుడు గడ్డం దాటి పైకి రాకపోతేనే సరైన సైజు.

ఈ దీవులు జాతీయ పార్కు కిందికి వస్తాయి. ప్రవేశ రుసుము పడవ ఛార్జీలో ఉండదు, దీవి మీద నగదుగా కట్టాలి. మేం పెద్దవాళ్ళకి 400 బాత్, బాబుకి 200 కట్టాం. రసీదు పారేయకండి, ఆ రోజు ఇంకో దీవిలో అడిగితే అదే చూపించాలి.

పడవ నడిపేవాళ్ళలో చాలామంది ముస్లింలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ ఉంటుంది కాబట్టి ఆ రోజు బయల్దేరే సమయం ముందే మాట్లాడుకోండి. మనకంటే పెద్దవాళ్ళని థాయ్‌లో 'పీ' అంటారు, అన్నా అన్నట్టు. 'చా చా' అంటే నెమ్మదిగా. ఈ రెండు మాటలతో మా పడవాయనతో పూటంతా గడిచిపోయింది.

పడవ ముక్కుకి రంగురంగుల గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అవి అలంకారం కోసం కట్టినవి కావు. పడవని కాపాడే అమ్మవారు అక్కడ ఉంటుందని వాళ్ళ నమ్మకం, ఆవిడ్ని మే యా నాంగ్ అంటారు. మన కాకినాడ, ఉప్పాడ జాలర్లు వేటకి వెళ్ళే ముందు గంగమ్మకి మొక్కుకున్నట్టే. ఫోటో కోసం ఆ ముక్కు మీద కూర్చోవద్దు, కాలు పెట్టొద్దు.

ముందు రోజు సాయంత్రం: హోటల్ కొలనులో అరగంట

ఈ అరగంట తప్పకుండా పెట్టుకోండి. సముద్రంలో మొదటిసారి మాస్కు పెట్టుకుని ఊపిరాడక కంగారు పడేవాళ్ళలో చాలామంది ఇది చేయనివాళ్ళే.

మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి, పట్టీ తలకి తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలేసినా మాస్కు అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. జుట్టు ఒక్క పోగు అడ్డం వచ్చినా నీళ్ళు కారతాయి. మీసం ఉన్నవాళ్ళకి అక్కడే చిక్కు. మా ఆయనకి మీసం గుబురుగా ఉంటుంది, ఎంత బిగించినా ముక్కు కింద నుంచి నీళ్ళు. మీసం మీద, ముఖ్యంగా పై అంచున, కొంచెం వ్యాజలిన్ రాసుకుంటే ఆ సందు మూసుకుపోతుంది. పట్టీ మరీ బిగిస్తే మాత్రం కారడం ఇంకా ఎక్కువవుతుంది.

తర్వాత గొట్టం. రబ్బరు ముక్కని పళ్ళతో మెత్తగా పట్టుకుని పెదాలు మూసి, నోటితోనే నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలాలి. ముందు నీళ్ళ బయట పది ఊపిరులు. తర్వాత నడుం లోతులో నిలబడి మొహం ఒక్కటే నీళ్ళలో పెట్టి పది. ఆ తర్వాత కొలను అంచు పట్టుకుని కాళ్ళు వదిలి ఇరవై. గొట్టంలోకి నీళ్ళు వస్తే కంగారు పడి తల ఎత్తొద్దు, పొయ్యి ఊదినట్టు ఒక్కసారి గట్టిగా ఊదితే పైనుంచి బయటికి పోతాయి. అద్దం మసకబారకుండా ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది, నీళ్ళతో కడిగేయండి.

మొహమంతా కప్పేసే మాస్కులు దుకాణాల్లో వేలాడుతుంటాయి, చూడటానికి తేలిగ్గా అనిపిస్తాయి. కొనకండి. వాటిలో వదిలిన గాలే మళ్ళీ పీల్చే ప్రమాదం ఉంది, కంగారులో గబుక్కున తీయడమూ కష్టం. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంటి నుంచి బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

ఒంటికి అతుక్కునే నైలాన్ లెగ్గింగ్స్, పూర్తి చేతుల స్విమ్ టీషర్టు. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి ఇదే. వీపు కాలకుండా కాపాడేది ఈ టీషర్టే, ఎందుకంటే బోర్లా తేలుతుంటే ఎండ దెబ్బంతా వీపుకే. కాటన్ చుడీదార్ తడిస్తే బండ బరువు అవుతుంది. చున్నీ అసలే వద్దు, తిరిగే ఇంజన్ దగ్గర అది ప్రమాదం. ఉంగరాలు, గొలుసులు హోటల్ లాకర్లో పెట్టండి. చన్నీటికి వేళ్ళు సన్నబడి ఉంగరం ఇట్టే జారిపోతుంది.

సన్‌స్క్రీన్ కొనేముందు వెనక పేర్లు చదవండి. పగడాలకి హాని చేస్తాయని నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లని థాయ్‌లాండ్ 2021 ఆగస్టులో జాతీయ పార్కుల్లో నిషేధించింది: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడీన్ క్యాంఫర్, బ్యూటైల్ పారబెన్. జరిమానా లక్ష బాత్ దాకా ఉండొచ్చు. జింక్ ఆక్సైడ్ ఉన్నవి తీసుకోండి.

తిండి విషయానికి వస్తే, శాకాహారులకి దీవుల మీద పెద్దగా ఏమీ దొరకదు. మేం చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం వండి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పేస్టు కలిపి స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాం. థర్మాకోల్ పెట్టెలు, వాడి పారేసే ప్లాస్టిక్ పార్కులోకి తేవద్దని నిబంధన ఉంది, స్టీలు డబ్బాతో ఆ బాధే లేదు. పడవ ఎక్కే ముందు మాత్రం ఒక ఇడ్లీ అంత తేలిగ్గా తినండి. కడుపు నిండా తిన్నా, ఖాళీగా ఉన్నా తిప్పుతుంది. వాంతుల మాత్ర అలవాటు ఉన్నవాళ్ళు బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

ఇక నీళ్ళు చొరబడని సంచి, ఫోన్‌కి పౌచ్ (ముందు దానిలో టిష్యూ పెట్టి బకెట్‌లో ముంచి చూడండి), పగడపు ముక్కలు గుచ్చుకోకుండా రబ్బరు బూట్లు, మనిషికి లీటరున్నర నీళ్ళు, చిల్లర బాత్‌లు.

పడవ ఎక్కడం

బీచ్‌లో మెట్లూ వంతెనా ఉండవు. మోకాళ్ళ నుంచి నడుం లోతు వరకు నడిచి వెళ్ళి, ముందువైపు చిన్న నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. ఆటు సమయంలో పడవ దూరంగా ఆగుతుంది, ఎక్కువ నడవాలి. పెద్దవాళ్ళు ఉంటే ఆ మాట కౌంటర్‌లోనే చెప్పండి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పడవాయన నీళ్ళలో తొడ వంచి మెట్టులా పెట్టాడు, అమ్మ మొహమాటపడుతూనే దాని మీద కాలేసి ఎక్కింది.

ఒక్క నియమం పిల్లలకి రెండుసార్లు చెప్పండి. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఎవరూ నీళ్ళలోకి దూకకూడదు, పడవ వెనకవైపుకి పోకూడదు. ఆ రెక్కలు పైకి కనబడవు.

నీళ్ళలో

పడవ ఆగాక, దిగే ముందు నీటి ప్రవాహం ఎటు పోతోందో చూడండి. ఒక ఆకో, నురగో ఎటు కొట్టుకుపోతుంటే అటే. మొదట దానికి ఎదురుగా ఈదండి. అలిసిపోయే సమయానికి తిరిగి వస్తుంటే ప్రవాహమే పడవ దగ్గరికి తెస్తుంది. చాలామంది దీనికి తలకిందులుగా చేసి, దూరం పోయాక వెనక్కి రాలేక కంగారు పడతారు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండండి.

ఈత రానివాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో వాళ్ళే ఎక్కువ. విశాఖ ఆర్కే బీచ్‌లో లోపలికి దిగొద్దు, లాగేస్తుంది అన్న మాట వింటూ పెరిగినవాళ్ళం. ఆ భయం అక్కడ సరైనదే. అమ్మ కూడా "నాకొద్దే, మీరు దిగండి, నేను ఇక్కడ కూర్చుని చూస్తా" అంది. బలవంతం చేయలేదు. పోడాలో ఒడ్డున, నడుం లోతులో, లైఫ్ జాకెట్ వేసి ముందు వెల్లకిలా తేలడం అలవాటు చేశాం. నా రెండు చేతులూ తన వీపు కింద పెట్టాను. "అమ్మా, కాళ్ళు వదిలెయ్, తల వెనక్కి వాల్చు." ఐదు నిమిషాలు మెడ బిగించుకునే ఉంది. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళాక, ఏమీ కాలేదని తెలిశాక, భుజాలు వదులయ్యాయి. నేను ఒక చెయ్యి తీశాను, తర్వాత రెండోది. తనకి తెలియలేదు.

చికెన్ ఐలాండ్ దగ్గర పడవాయన గాలి ట్యూబుకి తాడు కట్టి, రెండో కొస పడవకి కట్టాడు. అమ్మ ట్యూబు రెండు చేతులతో పట్టుకుని, జాకెట్‌తో, మాస్కు పెట్టుకుని మొహం నీళ్ళలో పెట్టింది. ఒక్క క్షణంలో తల ఎత్తేసింది. మళ్ళీ పెట్టింది. ఈసారి ఎత్తలేదు. గొట్టంలోంచి ఏదో అరుపు వినిపించింది, భయపడిందేమో అనుకున్నాను. తల ఎత్తి, "ఒసేయ్, చారల చేపలే, నా చేతుల కిందే!" అంది. పసుపు, నలుపు చారలున్న సార్జెంట్ మేజర్ చేపలవి, గుంపులుగా మనుషుల దగ్గరికే వస్తాయి. నెమ్మదిగా చూస్తే పగడాలు కొరుక్కు తినే రంగురంగుల చిలక చేపలు, ఎనిమోన్‌ల (పువ్వుల్లా కనబడే సముద్ర జీవులు) మధ్య దాక్కునే నారింజ రంగు క్లౌన్ చేపలు కూడా కనబడతాయి. కదలకుండా తేలుతూ ఉంటే అవే వస్తాయి, వెంటపడితే పారిపోతాయి.

చేపలకి రొట్టె ముక్కలు, పులిహోర మెతుకులు వేయకండి. జాతీయ పార్కుల్లో అది నిషేధం. మనం పెట్టే తిండికి అలవాటు పడితే పగడాల మీద నాచు తినాల్సిన చేపలు ఆ పని మానేస్తాయి. పగడాల మీద నిలబడొద్దు, ముట్టుకోవద్దు. చూడటానికి రాళ్ళలా ఉన్నా అవి ప్రాణమున్న జీవులే, చాలావరకు ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పెరుగుతాయి. ఇదే పార్కులో ఉన్న మాయా బే జనం తాకిడికి దెబ్బతిని 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా మూసి ఉంచాల్సి వచ్చింది.

నల్లటి పొడవు ముళ్ళతో బంతుల్లా కనబడేవి సీ అర్చిన్‌లు, లోతు తక్కువైన చోట కాళ్ళు కింద పెట్టకపోవడానికి అవి ఇంకో కారణం. జెల్లీఫిష్ తగిలితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు. వెనిగర్ పోస్తూ ఉండాలి. అక్కడి కొన్ని బీచ్‌లలో దాని కోసమే వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు. పడవలో ఉందేమో ముందే అడగండి, లేకపోతే ఊళ్ళో చిన్న సీసా కొనుక్కోండి. ఊపిరి ఆడకపోయినా, నొప్పి ఒళ్ళంతా పాకినా వెంటనే ఒడ్డుకి, ఆసుపత్రికి.

పిల్లల్ని అరగంటకి ఒకసారి పైకి తీయండి. పెదాలు నీలంగా మారినా, వణుకుతున్నా వాళ్ళు చలేస్తోందని ఒప్పుకోరు. పొడి తువ్వాలు, తీపి ఏదైనా దగ్గర ఉంచుకోండి. మా బాబుకి బెల్లం పల్లీ పట్టీ.

వెనక్కి వచ్చాక

సాయంత్రం గాలి లేస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో తుంపర ఎక్కువ, ఫోన్లు ముందే సంచిలో వేసేయండి. సాయంత్రం ఆటు సమయమైతే పడవ దూరంగా ఆగి, ఎక్కువ దూరం నడవాల్సి వస్తుంది. తడి ఇసుకలో రబ్బరు బూట్లు విప్పొద్దు. పడవాయనకి చేతిలో 200 బాత్ పెట్టి, రెండు చేతులు జోడించి 'ఖాప్ ఖున్' (ధన్యవాదాలు) అనండి. ఆడవాళ్ళు చివర్న 'ఖా', మగవాళ్ళు 'ఖ్రాప్' అని చేర్చాలి.

గదికి వెళ్ళగానే మాస్కులు, బూట్లు, సంచి జిప్పు మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి, ఉప్పు ఆరితే రబ్బరు పాడవుతుంది. తల ఒక పక్కకి వంచి చెవుల్లో నీళ్ళు కారనివ్వండి, పుల్లలు పెట్టొద్దు. ఆ రాత్రి అమ్మ నడుం వాల్చి, కళ్ళు మూసుకున్నా మంచం ఊగుతూనే ఉందే అంది. అది మామూలే, తెల్లారేసరికి పోతుంది.